రెండు వరుసల నడవ

ఆ సాయంత్రం ఐదు గంటల బెల్లు మోగిన తరువాత జరిగినదంతా నేను కళ్ళారా చూశాను. చూసి ఊరుకున్నాను. అందుచేత కథను అక్కడినుంచే మొదలుపెట్టడం న్యాయం.

మాది ఫ్యాను మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీ. ఆడవాళ్ళు రాగితీగ చుడతారు. మగవాళ్ళం ఆ చుట్టలను బిగించి, వార్నిషులో ముంచి ఆరబెడతాం. రాగి ఖరీదైనది కనుక, ఇంటికి వెళ్ళే ప్రతి ఒంటినీ తడిమి చూసి పంపాలన్నది యాజమాన్యం నియమం. పని షెడ్డుకూ వీధి గేటుకూ నడుమ పొడవైన నడవ ఒకటుంది. ఇరువైపులా కిటికీ లేని గోడలు, చివర ఇనుప కటకటాల తలుపు. ఎడమవైపు ఆడవాళ్ళ వరుస. అక్కడ నీలం తెర, తెర వెనుక సోదా చేసే ఆడమనిషి. ఆమెను అందరూ గేటు వదిన అంటారు. కుడివైపు మా వరుస. మాకు తెర లేదు. ఒక బల్ల, బల్ల పక్కన మీసాల బాబాయి అనే గార్డు. సోదా కానిదే కటకటాలు తెరుచుకోవు. ఫ్యాన్లు చేసే మా ఫ్యాక్టరీలో, ఆ నడవలో మాత్రం ఒక్క ఫ్యానూ లేదు.

ఆనాడు ఎడమ వరుసలోనుంచి సన్నతీగను బయటికి పిలిచారు. వెంట్రుకవంటి తీగను తెగనివ్వకుండా చుట్టగల చెయ్యి ఆమెది. ఆ పేరు అందుకే వచ్చింది. పుట్టినప్పుడు ఆసుపత్రివాళ్ళు మగబిడ్డ అని రాశారు. పదిహేడో ఏటినుంచి ఆమె స్త్రీగానే బతుకుతోంది. ఈ సంగతి ఫ్యాక్టరీలో తెలియనివారు లేరు. పదకొండేళ్ళుగా ఆమె ఆడవాళ్ళ వరుసలోనే నిలబడింది, ఆ తెర వచ్చిన నాటినుంచి తెర వెనుకకే వెళ్ళింది.

అంతకు మూడు రోజుల ముందు పై కోర్టు తీర్పు చెప్పింది. చట్టంలో స్త్రీ అన్న మాట ఉన్నచోటల్లా పుట్టుకనాటి లింగమే ప్రమాణమని ఆ తీర్పు సారాంశం. పెద్ద కూడలిలో ఒక పక్క చప్పట్లు, ఒక పక్క నినాదాలు. బస్సులో అదే మాట, మంగలి కుర్చీలో అదే మాట. టీ గ్లాసు పట్టుకున్న ప్రతివాడూ న్యాయమూర్తే. ఫ్యాక్టరీలో మాత్రం ఆ తీర్పు ఒక్క కాగితమై గోడమీదికెక్కింది.

"నువ్విటు కాదు. అటు," అన్నాడు మేనేజరు, మా బల్ల చూపిస్తూ.

"పదకొండేళ్ళుగా ఇక్కడే కదా సారూ."

"అప్పుడు కోర్టు చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది. అయినా ఇది మీరు కొట్లాడి రాయించుకున్నదే. ఆడవాళ్ళని ఆడవాళ్ళే సోదా చెయ్యాలి. ఆరో షరతు. చదివి వినిపించమంటావా?"

ఆ షరతు చరిత్ర చెప్పాలి. ఏడేళ్ళ క్రితం వరకు ఆడవాళ్ళకూ ఇదే బల్ల, ఇదే మగ గార్డు. అప్పటి గార్డు చెయ్యి పెద్దత్త ఒంటిమీద పడరానిచోట పడింది. తీగ చుట్టే వైండింగు సెక్షనుకంతటికీ పెద్దదిక్కు ఆమె. వాడి చెంప పగలగొట్టింది. పంతొమ్మిది రోజులు సమ్మె జరిగింది. లాఠీ దెబ్బకు సన్నతీగ మెడ ఎముక విరిగింది. ఒప్పందంలో ఆరో షరతై అలా వచ్చింది ఆ నీలం తెర.

"మగాళ్ళ చేత తడిమించుకోడానికి నేనొప్పుకోను," అంది సన్నతీగ.

"ఒప్పుకోకు. ఇక్కడే ఉండు. సోదా లేనిదే గేటు లేదు."

ఆమె రెండు వరుసల మధ్య గోడకానుకుని నిలబడింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే తెర వెనుకకు వెళ్ళి, ఆమె ముఖం చూడకుండా బయటికి నడిచారు. పెద్దత్త కూడా. నా వంతూ వచ్చింది. సర్వదేహాలలోనూ నిండి ఉన్న చైతన్యం ఒక్కటేనని తెల్లవారుజామున పద్యాలు చదువుకునే నేను, సాయంత్రం రెండు చేతులూ పైకెత్తి, నోరు మెదపకుండా కటకటాలు దాటాను.

గంట గడిచాక మీసాల బాబాయి తాళంచెవి తలుపుకే వదిలి, "ముఖం కడుక్కొస్తానమ్మా, నాకు కాస్త ఆలస్యమవుద్ది," అని ఆమెతో చెప్పి లోపలికి వెళ్ళాడట. ఆమె తలుపు తీసుకుని ఇంటికి వెళ్ళింది. మర్నాడు బాబాయి కనిపించలేదు. ఆయన చోట ఇద్దరు కొత్త గార్డులు నిలబడ్డారు, ఒకడు సరిపోడన్నట్టు. సన్నతీగను లోపలికి రానిచ్చారు. లోపలికి రావడానికి ఎన్నడూ సోదా లేదు.

మధ్యాహ్నం అన్నం డబ్బాలు పట్టుకుని అందరూ మా వార్నిషు షెడ్డులో చేరారు. సాయంకాలం కాలేజీలో చదువుకునే ఒక పిల్ల వైండింగులో పనిచేస్తుంది. ఆమె తీర్పు పాఠం సంపాదించుకొచ్చింది.

"ఇందులోనే రాశారు, సన్నతీగ లాంటివాళ్ళ గౌరవానికి భంగం రాకూడదని. మేనేజరు మొదటి పేజీ చదివి మడిచేశాడు."

"మడిచింది విప్పించడానికి ఎన్నేళ్ళు తిరగాలే తల్లీ? ఇవాళ ఐదింటికి ఏం చెయ్యాలో చెప్పు," అంది ఒక తీగ చుట్టే ఆమె.

పెద్దత్త డబ్బా మూత పెట్టింది. "నన్ను చెడ్డదాన్ననుకుంటే అనుకోండి. ఆ తీర్పు విన్నప్పుడు నాకు మనసులో ఎక్కడో ధైర్యంగానే అనిపించింది. ఆ తెర ఊరికే రాలేదు. ఆ చెయ్యి ఎక్కడెక్కడ పడిందో నా ఒళ్ళు ఇంకా మర్చిపోలేదు. తెర లోపలికి ఎవరు రావాలన్న దాంట్లో నాకూ ఒక మాట ఉంటది."

సన్నతీగ నిదానంగా మాట్లాడింది.

"నీ మాట కాదనను అత్తా. నన్ను ఏమనాలో తేల్చమని నేనడగడం లేదు. ఐదింటికి ఆ బల్ల దగ్గర ఇద్దరు మగాళ్ళుంటారు. ఆ చెయ్యి పడ్డప్పుడు నీకెట్లా ఉందో నాకూ అట్లాగే ఉంటది. పోనీ పని మానేద్దామంటే, ఈ తీగ తప్ప నా చేతికింకో పని రాదు. ఇంతే నేను చెప్పేది."

"అయితే మూడో తెర కట్టమందాం," అంది వెనకనుంచి ఒకామె.

"దాని వెనక ఎవరు తడుముతారే, మీ ఆయనా?"

"మా ఆయనకి ఇంట్లో పోగొట్టుకున్న చెప్పులే దొరకవు, రాగేం దొరుకుతది."

నవ్వులు అణగకముందే మా సెక్షను పొట్టిమామ గొంతు సవరించుకున్నాడు. "మాకైతే ఏనాడూ తెర కట్టలేదు."

"మీకెందుకు మామా? సిగ్గు గాని ఉందా?"

"లేదనే మేమూ అనుకున్నాం, ముప్ఫయ్యేళ్ళు. తాతనడుగు, ఆయనా ఉన్నాడుగా." ఆ తాతను నేనే. పొట్టిమామ నా వైపు చూడలేదు, నేలవైపు చూస్తున్నాడు. "పోయిన నెల మావాడు పనిలో చేరాడు. నా ముందే ఉన్నాడు వరుసలో. వాడి జేబులు బయటికి లాగి, నడుం కింద చెయ్యి పెట్టి వెతికారు. వాడు వెనక్కి తిరిగి చూశాడు, నాన్న చూస్తున్నాడా అని. నేను గోడకేసి చూశా. ఆ రోజునుంచి ఇంట్లో మా ఇద్దరం కలిసి అన్నానికి కూర్చోలేదు."

ఏళ్ళతరబడి ఆ వరుసలో నిలబడిన మగవాళ్ళం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాం. మాకు అవమానం జరుగుతున్నదన్న జ్ఞానం మాకే కొత్తగా కలిగింది.

గేటు వదిన అంతవరకు ఒక మూల తింటూ కూర్చుంది. యాజమాన్యం మనిషి కదా అని ఆమెను ఎవరూ పలకరించరు. ఆమె చెయ్యి కడుక్కుని చెప్పింది. "ఏడేళ్ళుగా మిమ్మల్నందర్నీ తడుముతున్నా. నాకేం దొరికాయో తెలుసా? తలనొప్పి మాత్రలు, సగం తిన్న బిస్కట్ పొట్లం, ఒక ప్రేమలేఖ."

"ఎవరిదే వదినా?"

"చెప్తే ఒక కాపురం కూలుద్ది. రాగి మాత్రం ఒక్క మూర కూడా దొరకలేదు. రాగి పోయేది వెనకగేటున, లారీల్లో. లారీకి సోదా లేదు."

పెద్దత్త ముఖం ఎర్రబడింది. తనమీద తనకే వచ్చిన కోపం అది.

"పంతొమ్మిది రోజులు పస్తులుండి మనం తెర అడిగాం," అంది. "అసలు మమ్మల్నెందుకు వెతుకుతున్నావురా అని ఒక్కరం అడగలేదు. తెర దొరికింది, అదే పెద్ద గెలుపనుకున్నాం. మగాళ్ళని ఆ బల్ల దగ్గరే వదిలేశాం. ఇప్పుడు మన షరతునే తిప్పి మన పిల్ల మెడకి చుట్టారు." సన్నతీగ వైపు తిరిగింది. "తీర్పు తప్పో ఒప్పో నేనింకా తేల్చుకోలేదే. నాకు టైం పడతది. కానీ ఇవాళ ఐదింటికి ఎవరూ ఎవర్నీ తడమరు."

ధర్మం అతి సూక్ష్మమైనదని పెద్దలు అంటారు. ఆ సూక్ష్మాన్ని విడమరిచే శాస్త్రం చదవని మనిషి, అన్నం డబ్బా ఒడిలో పెట్టుకుని, దానిని విడమరిచింది. మనిషిని ఏ వరుసలో నిలపాలన్నది యజమాని ప్రశ్న. వరుస దేనికన్నది మా ప్రశ్న.

ఐదు గంటలకు బెల్లు మోగింది. పెద్దత్త అందరికన్నా ముందు నడిచింది. తెర ముందు ఆగి, కొక్కేలు ఒక్కొక్కటే తప్పించి ఆ నీలం గుడ్డను దించింది. తన దెబ్బలతో కట్టించుకున్న తెర అది. గుడ్డను రెండు వరుసల మధ్య నేలమీద పరిచి కూర్చుంది. గేటు వదిన వచ్చి పక్కన కూర్చుంది. తరువాత సన్నతీగ. తరువాత ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఎవరికి దొరికిన చోట వారు. వరుసలు కలిసిపోయాయి.

మేనేజరు వచ్చాడు. "సోదా కానిదే గేటు తియ్యను."

"తియ్యమని మేమడగలేదుగా," అంది పెద్దత్త. "సోదా ఎత్తేస్తున్నామని రాసివ్వండి. లేకపోతే కూర్చుంటాం."

"ఇంటి దగ్గర మీ పిల్లలుంటారు."

"మా పిల్లలు మీకు ఇవాళ గుర్తొచ్చారా సారూ?"

"కోర్టు తీర్పునే ధిక్కరిస్తారా?"

కాలేజీ పిల్ల లేచింది. "తడమమని కోర్టు చెప్పలేదు సార్. అది మీ సొంత తీర్పు."

షెడ్డు తలుపు కూడా వెనుకనుంచి మూయించారు. రెండు వందల మందిమి. గాలి ఆగిపోయింది. వార్నిషు వాసన, చెమట వాసన. ఒక వృద్ధుడికి ఊపిరాడక, కటకటాల దగ్గరికి చేతులమీద దాటించాం. రాత్రి షిఫ్టువాళ్ళు వచ్చి, కటకటాల బయట నిలబడి సంగతి విన్నారు. విని అక్కడే కూర్చున్నారు.

ఒక బాలింత లేచింది. రవిక ముందుభాగం తడిసిపోయి ఉంది. మేము తలలు వంచుకున్నాం.

"వెళ్ళమ్మా. నిన్నెవరూ ఏమీ అనరు," అంది పెద్దత్త.

ఆమె కటకటాల దాకా వెళ్ళింది. కొత్త గార్డు సోదాకని చెయ్యి చాచాడు. ఆ చేతిని ఆమె చాలాసేపు చూసింది. తిరిగివచ్చి తన చోట కూర్చుంది. నాకు దుఃఖం ఆగలేదు.

చీకటి పడకముందే పోలీసులు వచ్చారు. మేనేజరు ఇద్దరిని వేలెత్తి చూపాడు: పెద్దత్తను, సన్నతీగను. వారిని తీసుకుపోవాలంటే తలుపు తియ్యాలి. తీశారు. గార్డు అడ్డం నిలబడి, "సోదా సార్," అన్నాడు.

"అరెస్టయినవాళ్ళకి నీ సోదా ఏంటయ్యా? జరుగు," అని కసిరాడు అధికారి.

ఆ ఇద్దరూ ఎవరి చెయ్యీ తగలకుండా గడప దాటారు. తలుపు మూసేలోపల పొట్టిమామ అందులో కాలు పెట్టాడు. ఆయన కొడుకు భుజం ఆనించాడు. ఆ తరువాత మమ్మల్ని ఎవరూ ఆపలేకపోయారు. చేతులు పైకెత్తకుండా నేను ఆ గడప దాటి బయటికి రావడం అదే మొదటిసారి. రెండు షిఫ్టులవాళ్ళమూ కలిసి పోలీసు వ్యాను వెంట నడిచాం.

స్టేషనులోనూ ఒక బల్ల ఉంది. కిటికీలోనుంచి అంతా వినిపిస్తూనే ఉంది.

"ఆడవాళ్ళ గది ఒకటి, మగవాళ్ళ గది ఒకటి," అన్నాడు కానిస్టేబులు. "ఈమెనెక్కడ పెట్టమంటారు సార్?"

అధికారి తీర్పు కాగితం కోసం వెతుక్కుంటున్నాడు.

"తననెక్కడ పెడితే నన్నూ అక్కడే పెట్టండి," అంది పెద్దత్త.

"అది మగవాళ్ళ గది అయితేనో? తాగుబోతులుంటారు. చాటుగా నిలబడ్డానికి గోడ కూడా ఉండదు."

"లేకపోతే లేదు."

"వద్దత్తా," అన్నది సన్నతీగ గొంతు.

"నువ్వూరుకో. నిన్న నిన్ను గోడ దగ్గర వదిలేసి ఇంటికి పోయి అన్నం తిన్నా. ఇంకోసారి ఆ అన్నం నాకు దిగదు."

తాళం పడిన చప్పుడు వినిపించింది. ఏ గదికి పడిందో మాకు తెలియలేదు. అధికారి మెట్లమీదికి వచ్చి మమ్మల్ని చూశాడు. వీధి పొడుగునా కూర్చున్నాం.

"అందరి పేర్లూ రాసుకోవాలి," అన్నాడు. "లేచి ఆడవాళ్ళు ఇటు, మగవాళ్ళు అటు జరగండి."

ఎవరమూ కదలలేదు.