ఒకే రంగు చీరలు

పొద్దుటినుంచీ దుర్గ మంచినీళ్లు ముట్టలేదు. కల్లంలో ఎర్రటి మిరప రాశి పక్కన గొంతుకూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. ఘాటుకి ముక్కు కారుతోంది, వేళ్లు మండుతున్నాయి. పాకలో కుండ ఉంది, దాని మీద స్టీలు గ్లాసూ ఉంది. నిన్నటిదాకా కూలీల ముఠా మొత్తానికీ అదే గ్లాసు. ఇవాళ ఎవరి సీసా వాళ్లు తెచ్చుకున్నారు. ఆ సంగతి ముందుగా దుర్గకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంతకీ మూలం ఒక వీడియో. డిగ్రీ సగంలో వదిలేసిన శరత్ ఒక ఫోనూ, స్పాంజి తొడిగిన మైకూ కొనుక్కుని విలేకరి అయిపోయాడు. ఒకరు ఇచ్చిన ఉద్యోగం కాదు గనుక ఒకరు పీకేదీ కాదు. సర్కారు ఆసుపత్రిలో మందుల కోసం జనం ఎండలో నిలబడుతున్నారని మొన్న ఒక వీడియో పెట్టాడు. సంగతి నిజమే, నిలబడుతున్నారు. అయితే వాళ్ల నెత్తి మీదున్న 'హెచ్ఐవీ మందుల గది' అనే బోర్డు కూడా తీశాడు. మర్యాదస్థుడు కాబట్టి మొహాలు మసక చేశాడు. చీరలు మసక చేయాలని అతనికి తోచలేదు.

ఆ వరసలో ఒకామె కట్టుకున్నది చిలకపచ్చ చీర, వంకాయరంగు అంచు. కోటప్పకొండ తిరునాళ్లకి ముందు చీరలమ్మే ఖలందర్ బండి మీద మూట వేసుకొచ్చి, పది కలిపి తీసుకుంటే ఒక్కోటి నాలుగొందల ఎనభైకే ఇస్తానన్నాడు. మేస్త్రి మహాలక్ష్మమ్మ ముఠాలో పదిమందీ అదే రంగు తీసుకున్నారు. శివరాత్రితో పనిలేని కరుణమ్మ కూడా ఈస్టర్‌కి పనికొస్తుందిలే అని ఒకటి పట్టుకుంది. తిరునాళ్లలో వాళ్లంతా వరసగా నడుస్తుంటే చూసినవాళ్లు ముచ్చటపడ్డారు. ఇప్పుడా ముచ్చటే మెడకు చుట్టుకుంది. మసక వెనక మొహం ఎవరిదో తెలియదు గాని, ముఠా ఎవరిదో ఊరంతటికీ తెలిసిపోయింది.

కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు, ఊరి మూతికి ఏం పెడతాం? మొగుళ్లున్న వాళ్లని ఊరు అనుమానంలోంచి పక్కన పెట్టింది, ముసలివాళ్లని పక్కన పెట్టింది. రాఘవమ్మకి మొగుడు పోయాడు, ఆమెను చూసి జాలిపడాలి. ఇక మిగిలింది దుర్గ. తాగొచ్చి తన్నే మొగుణ్ణి మాచర్లలో వదిలేసి, ఒంటరిగా బతుకుతూ, పైగా నవ్వుతూ తిరిగే మనిషి. అలాంటి ఆడదానికి ఏ రోగమైనా వస్తుందని లోకానికి గట్టి నమ్మకం.

ఆ చీరలో ఉన్నది ఎవరో దుర్గకి తెలుసు. రెండేళ్ల కింద రాఘవమ్మ జ్వరంతో లేవలేకపోతే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది తనే. దాచేపల్లి సిమెంటు లారీ మీద బతికి చచ్చిన మొగుడు రాఘవమ్మకి ఏం ఇచ్చిపోయాడో డాక్టరమ్మ చెబుతుంటే పక్కనే ఉంది. మందులు మానకపోతే అందరిలాగే బతకొచ్చనీ, కలిసి తిన్నా తాగినా అంటదనీ కూడా ఆవిడే చెప్పింది. బయటికొచ్చాక రాఘవమ్మ, "నా పిల్ల మీద ఒట్టు దుర్గా, ఎవురికీ చెప్పమాక" అంది. దుర్గ చెప్పలేదు. ఇవాళ ఆ రాఘవమ్మ పక్కనే కూర్చుని ఏరుతోంది. ఆమె ఒడి దగ్గరా ఒక సీసా ఉంది. పొద్దుటినుంచీ తలెత్తలేదు.

అన్నాల వేళకి కల్లం ఆసామి నాగేశ్వరరావు వచ్చాడు, వెనక శరత్ వచ్చాడు.

"కాయ రేపు మిర్చి యార్డుకి పోవాల," అన్నాడు నాగేశ్వరరావు. "ఆ వీడియో చూసి కొనేవోడు క్వింటాకి రెండేలు తగ్గించి అడుగుతున్నాడు. ఎవురో తేల్చండి. తేలకపోతే ముఠాకే పనిలేదు. రోజుకి మూడొందల యాభై ఇస్తానంటే నాకు మనుషులు దొరక్కపోరు."

శరత్ మైకు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "నా వీడియో వల్ల మీకు ఇబ్బందైందని నాకూ బాధగానే ఉంది పెద్దమ్మా. అందుకే వచ్చా. ఒక్కొక్కరు పేరు చెప్పి, నాకు ఆ జబ్బు లేదు అనండి. లైవ్ పెడతా. క్లారిటీ వచ్చేస్తది."

"అదేందో ఆ వీడియో తీసేస్తే పోద్ది గదా అబ్బాయ్," అంది దుర్గ.

"రెండు లక్షల మంది చూశారక్కా. ఇప్పుడు తీసేస్తే ఏదో దాచామనుకుంటారు. తెలుసుకునే హక్కు జనానికుంది."

దెబ్బ కొట్టినవాడే కట్టు కట్టడానికి వచ్చాడు. ఆ కట్టు కట్టడాన్నీ జనం చూస్తారని అతనికి తెలుసు.

ఆడవాళ్లు మొహాలు కడుక్కుని, పైటలు సర్దుకుని వరసలో నిలబడ్డారు. కొందరికి లోపల సంబరంగా కూడా ఉంది.

"నా పేరు మహాలక్ష్మమ్మ. నాకా రోగం లేదు. మా వంశంలోనే లేదు."

"నా పేరు కరుణమ్మయ్యా. ప్రభువు సాక్షిగా నాకు లేదు."

మైకు ఒక్కొక్కరినీ దాటుతూ వస్తోంది. దుర్గ తరవాత చివరగా రాఘవమ్మ. ఒక్క మాట అంటే చాలు, తన కూలి తనకుంటుంది. నిజమే కాబట్టి పాపమూ లేదు. కానీ అందరూ లేదంటే రాఘవమ్మ ఒక్కతే మిగిలిపోతుంది. తను చెప్పనంటే, ఆ ధైర్యంతో రాఘవమ్మా చెప్పనంటుంది. ఇద్దరు నోరు మూసుకుంటే ఎవరికుందో ఎవడు తేలుస్తాడు? పిచ్చిది, అలా లెక్క వేసుకుంది.

"నా పేరు దుర్గ. నా వొంట్లో ఏముందో ఏం లేదో నీకు చెప్పను."

"అంటే ఉన్నట్టేనా అక్కా?"

"చెప్పనంటన్నా. నీకుందో లేదో నువ్వు చెప్పావా? ఆ సారు చెప్పాడా?"

ఎవరో కిసుక్కున నవ్వి ఆపేశారు. నాగేశ్వరరావు మొహం కందగడ్డ అయింది. శరత్ మైకు పక్కకి జరిపాడు.

రాఘవమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "నా పేరు రాఘవమ్మ. నాకే రోగమూ లేదు." గొంతు వణకలేదు. "దేవుడి దయ వల్ల నా పిల్లకి కూడా లేదు." ఆ పిల్ల సంగతి ఎవరూ అడగలేదు. ఆ మాటతో ఆమె దుర్గ పక్కనుంచి ఒక అడుగు అవతలికి జరిగింది.

 దుర్గకి చెప్పేయాలనిపించింది. ఆసుపత్రి పేరుతో సహా, డాక్టరమ్మ మాటలతో సహా.

శరత్ ఫోను మళ్లీ ఆమె మీదికి తిప్పాడు. "లాస్ట్ చాన్స్ అక్కా. నువ్వు కాకపోతే ఎవరో చెప్పు."

అప్పుడు రాఘవమ్మ తలెత్తింది. ఆ కళ్లలో ఉన్నది భయం ఒక్కటే. సిగ్గుకి అందులో చోటు లేదు.

దుర్గ పాకలోకి నడిచింది. కుండలో గ్లాసు ముంచి, సగం తాగి, మిగతా సగం తెచ్చి రాఘవమ్మ ముందు పెట్టింది. రెండేళ్లుగా అన్నాల వేళ ఇద్దరూ పంచుకునే గ్లాసే.

రాఘవమ్మ గ్లాసు వంక చూసింది, ఫోను వంక చూసింది. "నా కాడ సీసా ఉంది," అంది.

"ఆ గ్లాసు ఇంక మాకొద్దు, నీతోనే తీసకపో," అంది మహాలక్ష్మమ్మ.

దుర్గ మిగిలిన నీళ్లు కూడా తాగేసింది. గ్లాసుని ఎప్పటిలాగే కుండ మీద బోర్లించింది. తిరిగొచ్చి తన చోటులో గొంతుకూర్చుని తాలుకాయలు ఏరడం మొదలుపెట్టింది.

"నీకింక ఇక్కడ పనిలేదే, లేయ్," అన్నాడు నాగేశ్వరరావు.

ఆమె లేవలేదు. "ఏందే చూస్తన్నారు, లాగి అవతల పారెయ్యండి దాన్ని," అని అతను అరిచాడు. తొమ్మిదిమంది ఆడవాళ్లు, శరత్, నాగేశ్వరరావు ఆమె చుట్టూ నిలబడే ఉన్నారు. ఆమెను ముట్టుకోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు.