గడ్డి ఎటు వాలాలి

మా తోడికోడలికీ నాకూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని చుట్టాలందరికీ తెలుసు. తెలిసి కూడా మా మగవాళ్ళిద్దరూ కలిసి మా మధ్య ప్లాస్టిక్ గడ్డి వేయించారు.

మా రెండిళ్ళ వెనకవైపులూ ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో పెరడు ఒక్కటే, గోడ లేదు. నా వంటింటి కిటికీ తెరిస్తే ఆవిడ వంటింటి కిటికీ. ఏడేళ్ళుగా పొద్దున్నే ఆ మొహం చూసే పొయ్యి వెలిగిస్తున్నాను. ఇక నా రోజు ఎలా గడుస్తుందో వేరే చెప్పాలా?

ఆ గడ్డి టెన్నిస్ కోర్టు కోసం. దాని అవసరం ఆడపిల్లల వల్ల వచ్చింది. మా అమ్మాయిని అందరూ బుడ్డి అంటారు, వాళ్ళమ్మాయిని నిచ్చెన అంటారు. ఇద్దర్నీ పక్కపక్కన చూస్తే ఎందుకో అర్థమవుతుంది. టెన్నిస్‌లో వాళ్ళిద్దరూ జోడీ. మధ్యలోకి వచ్చిన బంతికి 'నాది' అని ఎవరూ అరవనక్కర్లేదు, ఎవరు కొట్టాలో వాళ్ళకే తెలిసిపోయేది. ఆరు వారాల్లో జట్టు ఎంపిక ఉంది. తీసుకుంటే జోడీగానే తీసుకుంటారు, లేకపోతే ఇద్దరూ ఇంటికే. సరిగ్గా అప్పుడే క్లబ్బువాళ్ళు మరమ్మతని కోర్టు మూసేశారు.

పెరట్లోనే కోర్టు వెయ్యడానికి మేస్త్రీ వచ్చి నేల తవ్వించాడు. కంకర పోయించి, యంత్రంతో అదిమించి, వాన నీళ్ళు నిలవకుండా వాటం పెట్టాడు. దుమ్ము ఎవరింట్లోకి ఎక్కువొస్తోందన్న తగాదా తప్ప వారం ప్రశాంతంగానే గడిచింది. తర్వాత గడ్డి చుట్టలు దిగాయి. వాటిని పరిచి, ముడతలు పోవాలని ఎండలో వదిలేశాడు. నేను వెళ్ళి చెయ్యి రాసి చూశాను. ఒకవైపు రాస్తే మెత్తగా ఉంది, ఎదురు రాస్తే గరుకుగా ఉంది.

"పోచలకి వాలు ఉంటుందమ్మా," అన్నాడు మేస్త్రీ. "ఎటు వాలితే అటు నిలబడి చూసేవాళ్ళకి నిండుగా, పచ్చగా కనపడుద్ది. అవతలివాళ్ళకి కాస్త వెలిసినట్టుంటది."

"ఇప్పుడెటు వాలింది?"

పాపం, అమాయకంగా వాళ్ళింటి వైపు చెయ్యి చూపించాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అక్కా!" అని కిటికీలోకి కేకేశాను. "గడ్డి మీకు వంగి దణ్ణం పెట్టేలా వెయ్యమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు చెల్లీ. పెద్దవాళ్ళెవరో గడ్డికి కూడా తెలుసు," అంది ఆవిడ, చేతిలో గరిటె దించకుండానే.

మా ఆయన్ని లాక్కొచ్చి చుట్టలన్నీ మావైపు తిప్పించాను. ఆయన నడుం పట్టుకుని లోపలికి వెళ్ళాడు. మధ్యాహ్నం నేను కాస్త కన్ను మూసేసరికి ఆవిడ బావగారితో మళ్ళీ అటు తిప్పించింది. మర్నాడు నేను తిప్పాను. ఆ పైరోజు ఆవిడ తిప్పింది. మేస్త్రీ గమ్ము డబ్బా మూత తియ్యకుండా కూర్చున్నాడు.

"కోర్టంతా ఒకే వాలుండాలమ్మా. లేకపోతే బంతి ఒక్కోచోట ఒక్కోలా పోద్ది. మీరిద్దరూ ఒక మాట మీదకొస్తే అతుకులు వేస్తాను."

మేము ఒక మాట మీదకి రావడమా! నిచ్చెన రాకెట్ పట్టుకుని నా దగ్గరకొచ్చింది. "పిన్నీ, ఎటైతే ఏంటి? వెయ్యనివ్వండి, ప్లీజ్."

"వెళ్ళి మీ అమ్మకి చెప్పు," అన్నాను. మా బుడ్డి అవతల వాళ్ళ పెద్దమ్మని బతిమాలుతోంది. అక్కడా అదే జవాబు.

నాలుగోరోజు మేస్త్రీ విసిగిపోయాడు. వాళ్ళ సగం వాళ్ళవైపు, మా సగం మావైపు వాలేలా వేసి, నడిమి అతుకు సరిగ్గా నెట్టు కిందకి తెచ్చాడు. ఇసుక చల్లి, చీపురుతో పోచల్లోకి దించి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. నేను కిటికీలోంచి చూశాను. నా సగం కళకళలాడుతోంది, ఆవిడ సగం పాత దుప్పటిలా ఉంది. నా కడుపు నిండిపోయింది. అవతల కిటికీలో ఆవిడ కూడా నా సగం చూసి నవ్వుతోంది. ఎందుకు నవ్వుతోందో నాకు తెలుసు, అయినా ఆ సంగతి ఆలోచించదలచుకోలేదు.

"బుడ్డీ, మనవైపే ఆడు. అటు కాలు పెట్టావంటే ఊరుకోను."

"జోడీ అంటే ఇద్దరం ఒకేవైపు నిలబడాలమ్మా."

"అయితే దాన్నే మనవైపు రమ్మను."

ఆవిడ రానివ్వలేదు. రానివ్వదని నాకు ముందే తెలుసు. దాంతో నాలుగు వారాలు వాళ్ళిద్దరూ నెట్టుకి ఇటొకరూ అటొకరూ నిలబడి ఆడారు. మొదట్లో నవ్వుకుంటూ కొట్టుకునేవాళ్ళు. మూడోవారానికి నవ్వులు ఆగిపోయాయి. నిచ్చెన వంగి తియ్యలేదని కనిపెట్టి మా బుడ్డి బంతులన్నీ దాని కాళ్ళ దగ్గరే వేసేది. నిచ్చెన బుడ్డికి అందకుండా నెత్తి మీదుగా లేపేది. బంతి అటు పడ్డప్పుడల్లా నేను కిటికీలోంచి చప్పట్లు కొట్టాను. అవతల ఆవిడా కొట్టేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, అప్పుడు మాత్రం పండగలా ఉండేది.

ఎంపిక రోజు ఇద్దరూ చాలా రోజులకి ఒకేవైపు నిలబడ్డారు. ఒకరి దారికి ఒకరు అడ్డం వచ్చారు. అయినా నెట్టుకొచ్చారు, ఆఖరి పాయింటు దాకా. అప్పుడు బంతి సరిగ్గా ఇద్దరి మధ్యకీ వచ్చింది.

"నీది!" అని అరిచింది నిచ్చెన.

"నీదే!" అని అరిచింది బుడ్డి.

బంతి ఇద్దరి మధ్యా నేలకి తగిలి, లేచి, వెనక కంచె దాకా దొర్లుకుంటూ పోయింది. కోచ్ వాళ్ళ పేర్లు రాసుకోకుండానే పుస్తకం మూసేశాడు.

"అది మీ అమ్మాయి కొట్టాల్సిన బంతి అక్కా," అన్నాను.

"నీ కూతురిదే," అంది ఆవిడ.

తిరుగుదారిలో బుడ్డి కారు అద్దంలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఇటు తిరక్కుండానే అంది.

"ఆ బంతి నాదేనమ్మా. నాకు తెలుసు."

"మరి వదిలేశావేం?"

"తప్పు దానిమీద పడుతుందని."

అచ్చం నా గొంతుతో అంది ఆ మాట. ఇల్లు చేరేదాకా నేను దాని మొహంలోకి చూడలేకపోయాను.