బేబీ కూర్చున్న చోటు

యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో కాశమ్మ ఇంటి ముందుగది పదిహేనేళ్లుగా లక్కగాజుల కార్ఖానా. ఐదుగురు ఆడవాళ్లు బొగ్గుల కుంపట్ల మీద లక్క కరిగించి, గాజులుగా చుట్టి, వేడి ఆరకముందే చిమటా అనే చిన్న పట్టకారుతో మెరుపు రాళ్లు అతికిస్తారు. గాజుల వ్యాపారి సేఠ్ దగ్గర పని తెచ్చేదీ, పంచేదీ కాశమ్మే. గాలి తగిలితే లక్క బిగుసుకుంటుందని గదికున్న ఒక్క కిటికీకీ మేకులు కొట్టించింది కూడా ఆమే.

రెండేళ్ల కిందట ఆ ఐదుగురిలో బేబీ చనిపోయింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. పదిహేను రోజులు తిరక్కుండానే తల్లి సుగుణమ్మ వచ్చి, "నాకు పని ఇయ్యి కాశమ్మా" అంది. కాశమ్మ తలుపు పక్కన చోటు చూపించింది. సుగుణమ్మ అటు చూడనైనా లేదు. నేరుగా వెళ్లి కిటికీ కింద, బిడ్డ కూర్చున్న చోటే కూర్చుంది.

ఆనాటి నుంచి కాశమ్మకు మనశ్శాంతి లేదు. పొద్దు వాలే వేళకు గదిలో పొగ కమ్ముకోగానే ఆ మూల నుంచి దగ్గు వినిపించేది. పొడిదగ్గు, బేబీదే. తలెత్తి చూస్తే సుగుణమ్మ పెదవులు బిగించి రాళ్లు అతికిస్తూ ఉండేది. "ఎవరే దగ్గింది?" అని కాశమ్మ అడిగితే ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

కాశమ్మ కడుపులో ఒక మాట ఉంది. ఆ ఏడు రంజాన్ నెల మొదట్లో బేబీ ఆమెను పక్కకు పిలిచి చెప్పింది: "అక్కా, పొగకు దూరముండకపోతే పానం దక్కదన్నడు డాక్టర్." సేఠ్ గాజులకు తొందరపెడుతున్నాడు. "పండుగ ఆర్డర్ అయిపోనియ్యే, తర్వాత చూద్దాం" అంది కాశమ్మ. పండుగ వెళ్లిన వారానికి బేబీ పోయింది. కాశమ్మ అంత్యక్రియలకు వెళ్లలేదు.

ఈ ఏడు ఎండలు ముదరకముందే మాన్య అనే అమ్మాయి వచ్చింది. చేతిపని వాళ్ల సంఘం మనిషి. కుంపట్ల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నడుమ సేఠ్ లేకుండ మీ దగ్గర్నే కొంటం అమ్మా. గాజుకు ఎంతసేపు పడితే అంత కూలి కట్టి ధర పెడతం. బయటి దేశాలల్ల అమ్మేటప్పుడు చేసినవాళ్ల పేరు కూడ చెప్తం. కానీ పనిచేసే చోట గాలి ఆడాలె. ఇక్కడ పని చేసి ఎవరికన్నా జబ్బు చేసిందా?"

"ఎవ్వరికి లేదు" అంది కాశమ్మ.

దగ్గు వినిపించింది. ఈసారి మూల నుంచి కాదు, చెవి పక్కనే. మాన్య తలవంచుకుని రాసుకుంటోంది. ఆమెకు వినపడలేదు. కాశమ్మ చేతిలో లక్క ముద్ద జారి నేల మీద పడింది.

"రాసింది కొట్టేయ్ బిడ్డా, అబద్ధం చెప్పిన" అంది. డాక్టర్ మాట, తన మాట, అన్నీ చెప్పేసింది. చెప్పి, సుగుణమ్మ శాపనార్థాలకు సిద్ధపడి తలవంచుకుంది.

సుగుణమ్మ చిమటా కింద పెట్టింది. "నాకు కూడ చెప్పింది కాశమ్మా. ఇల్లు గడవాలె, పండుగ దాంక పో బిడ్డా అని నేనే పంపిన. సేఠ్ ఇంకింత ఇచ్చేదుంటే ఇంట్ల కూసోబెట్టుకుంటుంటి. అందుకే ఈడ కూసుంట. అది మింగిన పొగ నేను కూడ మింగాలె."

మాన్య పాత కాగితం చింపి కొత్తది తీసింది.

నెల తర్వాత సంఘం జవాబు వచ్చింది. ఆడవాళ్లను తీసుకుంటారు, ఈ గదిని కాదు. పని పంచే పెత్తనం కాశమ్మకు ఉండదు, అందరితో సమానంగా కూర్చుని చేస్తే చేయవచ్చు. ఆమె సరేనంది. కుంపట్లు ఆ ఇంటి మిద్దె మీద, గాలి ఆడే రేకుల కిందికి చేరాయి. సామాను తీసేటప్పుడు కాశమ్మ కిటికీ మేకులు పీకించింది. రెక్క తెరిస్తే బెత్తెడు దూరంలో పక్కింటి గోడ. అది ఎన్నడు లేచిందో ఆమెకు తెలియదు.

కొత్త ధర వచ్చాక ఆదివారాలు సెలవు పెట్టుకున్నారు. మొదటి ఆదివారం సుగుణమ్మ చేతిలో చామంతుల పొట్లంతో కాశమ్మ గుమ్మంలో నిలబడింది.

"నాతోని వస్తవా?"

కాశమ్మ చెప్పులు వేసుకుంది.

సమాధుల తోటలో ఒక మూలకు వెళ్లి సుగుణమ్మ ఆగిపోయింది. పేరూ రాయీ లేని రెండు మట్టిదిబ్బలు పక్కపక్కనే గడ్డి మొలిచి ఉన్నాయి.

"ఈ రెండిట్ల ఒకటి నా బిడ్డది. ఏదో యాదికొస్తలేదు. ఆ దినం నాకు సోయి లేకుండె. తర్వాత పని ఇడిచి వచ్చిందే లేదు."

కాశమ్మ ఆమె చేతిలోంచి పొట్లం తీసుకుని పూలను రెండు భాగాలు చేసింది. రెండు దిబ్బల మీదా పెట్టింది. ఇద్దరూ వాటి నడుమ మట్టిలోనే కూర్చున్నారు. గేటు మూస్తానని కాపలా మనిషి వచ్చి రెండుసార్లు పిలిచేదాకా లేవలేదు.