జానెడు వెనక్కి

చిట్టి పడవ పొడవు పదకొండు అడుగులు. ఒకే తెరచాప. ఇద్దరు మనుషులు పడతారు, ఆ ఇద్దరే మోసి కారు మీద కట్టుకోవచ్చు. ముప్పై ఏళ్లలో మూడు వందల పైచిలుకు తయారయ్యాయి. దాన్ని గీసింది నేనేనని ముప్పై ఏళ్లూ నేనే చెప్పుకున్నాను.

మొదటిది నా తమ్ముడు చేశాడు. వడ్రంగి వాడు. నా కొలతల ప్రకారం షెడ్డు నేల మీద సుద్దగీతలు గీసి, ఒక్కో గీత మీద ఒక్కో చట్రం నిలబెట్టి, పైన ప్లైవుడ్ అతికించాలి. నేను వేరే పని మీద వెళ్లి వారానికి వచ్చేసరికి, అన్నిటికన్నా వెడల్పైన నడుము చట్రం గీతకు జానెడు వెనక్కి ఉంది. ప్లైవుడ్ అప్పటికే అతికించేశాడు. నోటికొచ్చినట్టు తిట్టాను.

"పొరపాటైంది అన్నయ్యా" అన్నాడు.

తీరా నీళ్లలోకి దించితే ఆ పడవ నేను చూసిన పడవలన్నిటి కంటే బాగా పరిగెత్తింది. దాన్నే కొలిచి, కొత్త డ్రాయింగు గీసి, కింద సంతకం పెట్టాను.

ఏటా చిట్టి పడవల పందేలయ్యాక మైకు నా చేతికిచ్చేవారు. "అందరూ వినాయకుణ్ణి చేయబోయి కోతిని చేస్తారు. మా తమ్ముడు కోతిని చేయబోయి వినాయకుణ్ణి చేశాడు" అనేవాణ్ణి. జనం పడీ పడీ నవ్వేవారు. వాడూ నవ్వేవాడు. నవ్వినవాళ్లలో ఒక్కరూ వాడికి పడవ పని ఇవ్వలేదు. గీత చూసుకోలేని వడ్రంగికి ఎవడిస్తాడు? యంత్రాలకు చెక్కపెట్టెలు కొట్టి ఇల్లు గడుపుకున్నాడు. అది నాకు తెలుసు. తెలిసీ ఆ జోకు మానలేదు.

పడవ చరిత్ర పుస్తకంగా వేస్తాం, రాసివ్వమని పందేలు నడిపే సంఘం వాళ్లు అడిగితే పాత పెట్టె దించాను. తమ్ముడి షెడ్డు నుంచి ఎప్పుడో తెచ్చి పడేసిన మొదటి డ్రాయింగు అడుగున ఉంది. నడుము చట్రం పక్కన పెన్సిల్ బాణం, వాడి రాత: 'జానెడు వెనక్కి. లేకపోతే ముక్కు మునుగుతుంది.' కింద తేదీ. పని మొదలుపెట్టడానికి నాలుగు రోజుల ముందుది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఉన్నదున్నట్టు రాసి, కాగితం పట్టుకుని వాడింటికి వెళ్లాను. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇప్పుడు వాడి చేతులు గ్లాసు కూడా పట్టలేవు. మెల్లగా చదివి వినిపించాను.

"అప్పుడే ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే వినే రకమా నువ్వు?"

"పోనీ, తర్వాతైనా?"

"అప్పటికే సంతకం పెట్టేశావుగా."

"ఇది అచ్చు వేయిస్తాను. పడవ నీదే."

వాడు వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "వద్దన్నయ్యా. నా చేతగానితనం వల్లే ఇలా బతుకుతున్నామనుకుని నీ మరదలు ఇన్నేళ్లూ సర్దుకుపోయింది. ఒక్కసారీ దెప్పలేదు. కావాలనే నోరు మూసుకున్నానని తెలిస్తే, దాని మొహం ఎలా చూడను?"

మరదలు మంచినీళ్లు తెచ్చింది.

"పుస్తకంలో ఈయన గురించి కూడా రాశారా బావగారూ? ఏదీ, చదవండి."

తమ్ముడు నన్నే చూస్తున్నాడు. కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని, అందులో లేని కోతీ వినాయకుడి మాట చదివాను.

మరదలు నవ్వింది. "పోన్లెండి, ఈయన తప్పు పుస్తకాలకెక్కింది."

తమ్ముడూ నవ్వాడు. పుస్తకంలో అలాగే అచ్చయింది.