దుప్పి ముందర బత్తి

మా బాపు కొమురెల్లి బెల్లంపల్లిలో బొగ్గుగని కార్మికుడు. ప్లేడే నాడు కరీంనగర్ వస్తున్నానని ఫోన్ చేసినప్పటి నుంచి గది సర్దుతూనే ఉన్నాను. సర్దడానికి ఏమున్నది కనుక? ఒక మంచం, ఒక కుర్చీ, ఒక టాబ్లెట్. వారపు సెలవును గని మనుషులు ప్లేడే అంటారు గానీ, ఆ రోజు మా బాపు ఆడిందీ లేదు, పాడిందీ లేదు. సెలవు పూట నా కోసం బస్సెక్కడం ఇదే మొదలు.

నేను పిల్లల పుస్తకాలకు జంతువులు, అడవులు వేస్తాను. స్క్రీన్ మీదే గీత, స్క్రీన్ మీదే రంగు. పని మెయిల్‌లో వస్తుంది, పూర్తయితే అవతలి నుంచి పైకెత్తిన బొటనవేలి గుర్తు ఒకటి వస్తుంది. రోజు మొత్తంలో నేను నోరు తెరిచేది పాలప్యాకెట్ కొనేటప్పుడే. ఒంటరితనం అలవాటైపోయిందని అందరికీ చెబుతాను. అది పచ్చి అబద్ధం.

ఆ రోజు నాకు కావలసింది ఒక్కటే. పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి చూపిస్తే, బిడ్డకు పని వచ్చిందని బాపు అనాలి. నాకు బొమ్మలు నేర్పింది ఆయనే. ఆ మాట ఇంకెవరన్నా లెక్కలోకి రాదు.

బెల్లంపల్లిలో మా క్వార్టర్ నుంచి గనికి పోయే దారి అడవి అంచునే ఉంటుంది. మొదటి షిఫ్టుకు బాపు చీకటితోనే టార్చి పట్టుకుని నడిచేవాడు. దారిలో కుందేలో దుప్పో ఎదురైతే, ఇంటికొచ్చి మా నల్ల గచ్చు మీద చాక్‌పీసుతో వేసి చూపించేవాడు. బత్తి పడినంత వరకే గీసేవాడు. ముఖం, రొమ్ము, ముందు కాళ్లు. వెనక భాగం ఏదని అడిగితే నాకు కనబడలేదు కదా అనేవాడు. గనిలోనూ అంతేనట, నుదుటి మీది బత్తి ఎటు తిరిగితే అటే లోకం.

నేనూ అలాగే వేశాను. టాబ్లెట్ కొన్న కొత్తలో తెరంతా నలుపే, మధ్యలో ఎదురు వెలుగుకు మెరిసే జంతువు. ఆన్‌లైన్ క్లాసులో సారు చూసి, సృజనగారి అడవిలో సూర్యుడు పొడవడా అన్నాడు. క్లాసంతా నవ్వు గుర్తులు పెట్టింది. నాకు రోషం పొడుచుకొచ్చింది. ఆ రోషంతోనే ఎండ నేర్చుకున్నాను. ఆకుల సందుల్లోంచి జారే ఎండ, గడ్డి మీద నీడ, దూరపు గుట్టల నీలం. ఇప్పుడు నా దుప్పి వాగులో నీళ్లు తాగుతుంటే, వెనక నుంచి ఎండ పడి చెవి ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపు రావడానికి ఏళ్లు పట్టింది. చూపించుకునే మనిషి లేకపోతే వచ్చిన పని కూడా వచ్చినట్టుండదు.

బాపు టిఫిన్ డబ్బాలో సర్వపిండి తెచ్చాడు. అవ్వ, అంటే మా అమ్మ, పోయినప్పటి నుంచి వంట ఆయనే చేసుకుంటున్నాడు. ఒక పక్క మాడింది. ఇద్దరం తిన్నాక చేతులు కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుని, టాబ్లెట్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు.

పాత దుప్పిని చూసి ముసిముసిగా నవ్వాడు. కొత్తదాన్ని కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నాడు. వేళ్లతో పెద్దది చేసుకుని చెవి దగ్గర ఆగాడు.

"మంచిగొచ్చింది బిడ్డా. పని నేర్చినవ్."

కావలసిన మాట వచ్చేసింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆయన మళ్లీ పాత బొమ్మ దగ్గరికి పోయాడు.

"కని, గీ కొత్తదాంట్ల ఎవ్వలు లేరు," అన్నాడు.

పాతదాంట్లో మాత్రం ఎవరున్నారని కొంచెం కోపంగానే అడిగాను.

"బత్తి పట్టినోడున్నడు. దుప్పి వాన్నే చూస్తాంది. గిది ఒక్కతే నీళ్లు తాగుతాంది. జర బుగులైంది నాకు." బుగులంటే మాకు దిగులూ భయమూ రెండూ.

ఆయన కాసేపు నడుం వాల్చినప్పుడు నా బొమ్మలన్నీ తిరగేశాను. ఎండ నేర్చిన తర్వాత వేసిన ఏ జంతువూ ఎవరినీ చూడటం లేదు. మేస్తున్నాయి, పడుకున్నాయి, పక్కకు తిరిగి నిలబడ్డాయి. మనిషి లేని అడవులు వేయడంలో ఆరితేరానన్నమాట. ఏడుపొచ్చింది.

సాయంత్రం బస్టాండులో, దారిలో ఇంకా జంతువులు కనబడుతున్నాయా అని అడిగాను. ఇప్పుడే ఎక్కువట. ఎట్లా నిలబడతాయి, ఎటు చూస్తాయి అన్నాను.

"ఏమో బిడ్డా, ఆగుతలేను. అప్పుడు నీకు చూపియ్యాలెనని ఆగేటోన్ని. ఇప్పుడు ఇంటికి పోయి ఎవ్వలకు చెప్పాలె?"

ఒంటరితనమంటే నా గదిలోనే ఉందనుకున్నాను. ఆ నల్ల గచ్చు ఉత్తగా పడి ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు.

"నాకు చెప్పు బాపూ. ఎటు చూసిందో ఫోన్ల చెప్పు, నేను ఏస్త," అన్నాను.

ఆయన బస్సెక్కాడు. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి, కండక్టర్ కోప్పడుతున్నా వినకుండా, "రేపు జర ఆగుత తియ్యి," అన్నాడు.

గదికొచ్చి కొత్త ఫైలు తెరిచి, తెరంతా నలుపు నింపాను. ఇంకేమీ గీయలేదు. దుప్పి ఎటు చూస్తుందో రేపు బాపు చెప్పాలి.