విరవని రొట్టె

మా కొట్టాయం వైపు, చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు ఈస్టర్ ముందొచ్చే పవిత్ర గురువారం నాడు పంచుకునే రొట్టె చెయ్యరు. పొరుగువాళ్లే పట్టుకెళ్లాలి. పక్కింటి ఏలికుట్టికి నేను పట్టుకెళ్లాను.

కన్యాస్త్రీ కావాలని చిన్నప్పటి నుంచీ దాని కోరిక. తండ్రి మంచాన పడ్డాడు. "ముందు తండ్రి, తర్వాతే మఠం" అన్నారు ఫాదర్‌గారు. తండ్రి పోయాక వెళ్తే, వయసు దాటిపోయిందన్నారు మఠంవాళ్లు.

"ఆ ముక్క ఫాదర్ అప్పుడే చెప్పి చావొచ్చుగా" అన్నాను ఒళ్లు మండి.

"నాన్నని వదిలి వెళ్లేదాన్నా అక్కా?" అంది.

ఇంటి పెద్ద రొట్టె విరిచిస్తే మిగతావాళ్లు రెండు చేతులా అందుకోవాలి. ఆ ఇంట్లో ఇప్పుడు పెద్దా చిన్నా అదొక్కతే. రొట్టె నావైపు జరిపి, రెండు చేతులూ చాపింది.

"నువ్వే విరువక్కా. నాకు నేను పెట్టుకోవడం రాదు."