చేతి మీది ఊరు

ఆ ఆదివారం బసవపున్నయ్యకు చాలా పనులున్నాయి. కూలర్‌కు కొత్త గడ్డి తెచ్చి బిగించాలి. వంటింట్లో కారుతున్న పైపు సంగతి సర్కారు క్వార్టర్ల ఎంక్వైరీ ఆఫీసులో మరోసారి రాయించాలి. ఐ.ఎన్.ఎ. మార్కెట్‌లో గోంగూర దొరికితే గోంగూర, లేకపోతే కరివేపాకైనా తేవాలి. ఒంగోలులో ఉన్న అక్కయ్యకు ఫోను చేసి మోకాలి నొప్పి ఎలా ఉందో అడగాలి. కాలనీ తెలుగు సంఘం పిల్లలకు పెట్టే వేసవి బడికి గది ఎవరిస్తారో తేల్చాలి. వీటన్నిటికంటే ముందు, ఈ ఇంట్లో ఎవరి ఒంటి మీదా పచ్చబొట్టు పడేది లేదని కూతురు దీపుకు ఖరాఖండిగా చెప్పాలి.

ఆ ఆఖరి పనితోనే మొదలుపెట్టాడు.

"చిన్నది నాన్నా. ఇక్కడ, మణికట్టు మీద. బస్, ఇంతే," అని దీపు చిటికెన వేలి గోరు చూపించింది. ఆ పిల్ల ఆర్.కె. పురంలోనే పుట్టి పెరిగింది. ఈమధ్యే నోయిడాలో ఒక మీడియా ఆఫీసులో చేరింది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు.

"గోరంతైనా కొండంతైనా సూదులు గుచ్చి మసి నింపడమేగా! అది ఒళ్ళా, బస్టాండులో గోడా, ఎవడు పడితే వాడు గీకడానికి?"

"ఏం రాయించుకుంటున్నానో తెలుసా మీకు? తెలుగులో 'నాన్న' అని. డిజైన్ కూడా రెడీ. దేఖో."

బసవపున్నయ్య కళ్ళజోడు పైకి నెట్టి ఫోనులోకి చూశాడు. 

"ఇది నాన్న కాదమ్మా. నాన. ఒత్తు ఊడిపోయింది."

"అచ్ఛా? రెండూ ఒకటే కాదా?"

వంటింట్లోంచి భార్య కస్తూరి అందుకుంది. "ఒత్తు లేని నాన్నే మేల్లెండి. ఇంట్లో కాస్త ఒత్తిడన్నా తగ్గుద్ది."

తల్లీకూతుళ్ళు నవ్వుకున్నారు. బసవపున్నయ్యకు నవ్వు రాలేదు. 

ఆయనకు పచ్చబొట్టంటే వట్టి అయిష్టం కాదు, అసహ్యం. వాళ్ళింట్లో కాలేజీ మెట్లెక్కినవాడు ఆయనొక్కడే. ఏడేళ్ళప్పుడు తల్లి ఆయన్ను తొడల మధ్య ఇరికించుకుని కూర్చుంటే, పచ్చబొట్లు పొడిచే ఆమె సూదుల కట్టతో కుడి ముంజేతి మీద తేలు బొమ్మ పొడిచింది. మసీ, పసరూ, నెత్తురూ కలిసి కారుతుంటే ఒకే గుడ్డతో తుడిచింది. ఆ గుడ్డతో అంతకుముందు ఎందర్ని తుడిచిందో! ఈగలు ముసిరాయి. చెయ్యి చీము పట్టి పొంగింది. "ఏడవమాకురా, చచ్చినా మన ఎంట వచ్చేది ఇదొక్కటే," అని తల్లి పసుపు అద్దింది. తర్వాత డిగ్రీ హాస్టల్లో భోజనాల బల్ల దగ్గర ఆ తేలును చూసి ఒకడు, "ఏ గూడెంరా మీది?" అన్నాడు. ఆ రాత్రే సున్నమూ చాకలి సోడా కలిపి రుద్దుకున్నాడు. తేలు పోయింది. దాని చోట గొంగళిపురుగు లాంటి మచ్చ మిగిలింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో, జూన్ ఎండల్లో కూడా, ఆయన పొట్టి చేతుల చొక్కా వేసుకోలేదు. 

ఇదంతా కూతురికి ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. "వద్దన్నానంటే వద్దు," అన్నాడు. అంతలో ఫోను మోగింది.

పెద్ద సర్కారు ఆసుపత్రి నుంచి. ఇంద్రాణి అనే ఆవిడ, అక్కడ దిక్కూమొక్కూ లేని రోగుల బాగోగులు చూసే ఉద్యోగి, హిందీలో గడగడా చెప్పుకుపోయింది. తెలుగు సంఘం పేరు వెతికితే ఆయన నంబరు దొరికిందట. వార్డులో ఒక మనిషి ఉన్నాడు. వినపడదు, మాట్లాడలేడు. ఆనంద్ విహార్ బస్టాండు దగ్గర స్పృహ తప్పి పడి ఉంటే పోలీసులు తెచ్చి చేర్చారు. ఎడమ చెయ్యి కుళ్ళిపోయింది, రేపు పొద్దున తీసేస్తారు. ఆ చేతి మీద పచ్చబొట్టు అక్షరాలున్నాయి. కేరళ సిస్టర్ చూసి, మాది కాదు, తెలుగులా ఉందని చెప్పింది. 

"ఫోటో పంపండి, చదివి చెప్తాను," అన్నాడు బసవపున్నయ్య. 

ఫోటో వచ్చింది. వాచిన చర్మం మీద చీమలు కుప్పగా చచ్చినట్టుంది. ఒక్క అక్షరమూ తెలియలేదు. ఏమీ కనపడటం లేదని ఇంద్రాణికి చెప్పాడు.

"మీరు రావాలి అంకుల్‌జీ," అంది ఇంద్రాణి. "రేపు చేతితో పాటు ఆ అక్షరాలూ పోతాయి. ఇక ఆ మనిషి ఎవరో ఎవరికీ తెలియదు."

బసవపున్నయ్య పని అని తెలిశాక తప్పించుకునే మనిషి కాదు. చొక్కా గుండీలు మణికట్టు దాకా పెట్టుకున్నాడు. దీపు క్యాబ్ పిలిచి, తనూ ఎక్కింది.

వార్డు గుమ్మంలోనే వాసన కొట్టింది. ఎలుక చచ్చిన గదిలో ఫినాయిలు చల్లితే ఎలా ఉంటుందో అలా. దీపు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మూల మంచం మీద ముప్ఫై లోపు మనిషి. తల దగ్గర అట్టమీద 'అజ్ఞాత్' అని హిందీలో రాసి ఉంది. వీళ్ళను చూడగానే ఎడమ చేతిని కుడిచేత్తో ఎత్తిపట్టి ముందుకు చాపాడు.

"ఎవరు కనపడ్డా ఇంతే," అంది ఇంద్రాణి. "బస్టాండులో కూడా అందరికీ ఇలాగే చూపించేవాడట. ముష్టివాడనుకుని జనం పక్కకు తప్పుకునేవాళ్ళు."

సిస్టర్ కట్టు విప్పింది. వేళ్ళు బొగ్గులా నల్లబడ్డాయి. మణికట్టు దగ్గర పచ్చగా, అక్కడి నుంచి మోచేతి దాకా వంకాయ రంగులో ఉబ్బింది. చర్మం అక్కడక్కడా తడి కాగితంలా లేచింది. బసవపున్నయ్య మంచానికి అంత దూరంలో నిలబడి, మెడ మాత్రం సాచి చూశాడు. ఆకుపచ్చ నలుపు గీతలు. పక్కూళ్ళ పెళ్ళి పందిట్లో బోర్డు రాసేవాడి చేతిరాతలా వంకర్లు. పైవరస పేరు. "దసరదు". రెండో వరస "కొత్తూరు".

"దశరథుడు. ఊరు కొత్తూరు," అన్నాడు, బతికిపోయినట్టు. "ఇక నేను..."

"ఏ జిల్లా?" అంది ఇంద్రాణి, పెన్ను తీసి.

"అదెలా చెప్పేది మేడమ్! కొత్తూరంటే కొత్త ఊరు. మీ నయాగావ్ లాంటిది. రెండు రాష్ట్రాల్లో ఏ మూల చూసినా ఒక కొత్తూరు ఉంటుంది."

"కింద ఇంకో వరస ఉంది నాన్నా," అంది దీపు. చున్నీ తీసేసి వంగి చూస్తోంది. 

నిజమే, ఉంది. మోచేతి మడతలోకి పోయింది. వాపుకు చర్మం ముడుచుకుపోయి, దాని మీద పొర కప్పింది. జిల్లా పేరు అక్కడే ఉండాలి. సిస్టర్ సెలైన్‌తో తడిపి పొర తీస్తానంది. అయితే ఎవరైనా చర్మాన్ని రెండు పక్కలకూ సాగదీసి పట్టుకోవాలి. చదవగలిగినవాడే పట్టుకుంటే నయం, ఎంత లాగాలో వాడికే తెలుస్తుంది.

బసవపున్నయ్యకు చేతి తొడుగులిచ్చారు. వేసుకున్నాడు. బొటనవేళ్ళు ఆ చర్మానికి ఆన్చగానే వెచ్చగా, మెత్తగా, ముగ్గిన అరటిపండులో దిగబడినట్టు దిగబడ్డాయి. దుర్వాసన ఒక్కసారిగా గొంతులో పడింది. పక్కకు తిరిగి, దీపు చటుక్కున అందించిన ట్రేలో, పొద్దున తిన్న ఉప్మా అంతా కక్కాడు.

"నాన్నా, ఛోడ్ దీజియే, వదిలెయ్యండి. నేను పట్టుకుంటా."

"నువ్వు పట్టుకుంటే చదివేదెవరే, నీ మొహం!" అని మూతి తుడుచుకుని మళ్ళీ వంగాడు. 

ఒక్కో అక్షరమే తేలింది. మా. ని. తర్వాత కె, కింద ఏమీ లేదు. తర్వాత మ, దాని కింద మరో మ. ఊపిరి బిగబట్టి కూడబలుక్కున్నాడు. "మానికెమ్మ..." ఇంకొంచెం లాగాడు. "...కొడుకు."

అంతే. ఆ కింద మామూలు చర్మం.

"జిల్లా?" అంది ఇంద్రాణి.

"లేదు."

"మండలం?"

"లేదు మేడమ్. 'దసరదు, కొత్తూరు, మానికెమ్మ కొడుకు.' ఇదే అడ్రసు." ఆయన చేతి తొడుగులు విసురుగా ఊడదీశాడు. "వినపడని బిడ్డ తప్పిపోతే ఎవరో ఒకరు చదివి పంపిస్తారని, పశువుకు ముద్ర వేసినట్టు వేయించింది. వేయించిందే, పిచ్చిది, ఇంకొక్క ముక్క రాయిస్తే ఏం పోయింది! దానికి కొత్తూరంటే ప్రపంచంలో ఒకటే కొత్తూరు. మానికెమ్మంటే తనొక్కతే!"

మంచం మీది మనిషి ఆయన మూతినే చూస్తున్నాడు. "మ్మ" దగ్గర పెదాలు కలవడం చూశాడు కాబోలు, కుడిచేతి వేలితో ముక్కు పక్కన ముక్కుపుడక ఉండే చోట తట్టుకుని, ఆ వేలు బసవపున్నయ్య నోటివైపు చూపించాడు. మళ్ళీ ముక్కు మీద. మళ్ళీ ఆయన నోటివైపు. 

బసవపున్నయ్య మరోసారి, శబ్దం లేకుండా, మానికెమ్మ అన్నాడు. ఆ మనిషి పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.

అప్పుడు చెప్పాల్సిన అసలు మాట మిగిలింది. చెయ్యి తీసేస్తారని ఎవరూ అతనికి చెప్పలేదు, ఎలా చెప్పాలో తెలియక. ఇంద్రాణి తన చేతి మీద అడ్డంగా గీత గీసి చూపించింది. అతను మొదట తెల్లబోయాడు. తర్వాత నోట్లోంచి గొడ్డు అరుపులాంటిది వచ్చింది. బసవపున్నయ్య భుజం పట్టుకుంటే విదిలించుకుని, కుడిచేతి చూపుడు వేలితో మంచం మీద టకటకా పొడిచి చూపించి, ఆ చేతినే ముందుకు చాపాడు. ఎడమచేతి అక్షరాలు చూపించి, మళ్ళీ కుడిచెయ్యి చాపాడు.

"ఇక్కడ ఎక్కించమంటున్నాడు నాన్నా," అంది దీపు. "చెయ్యి గురించి కాదు ఏడుపు. ఊరు గురించి."

సిస్టర్ ఆపరేషనుకు ముందు ఒంటి మీద గుర్తులు పెట్టే సిరా పెన్ను తెచ్చింది. సెలైన్ సూది ఉన్న చోటు తప్పించి, బసవపున్నయ్య నిదానంగా రాశాడు. బళ్ళో బహుమతి తెచ్చుకున్న చేతిరాత. 'దశరథుడు' అని రాసి తలెత్తాడు. 

ఆ మనిషి ఎడమచేతినీ కుడిచేతినీ మార్చి మార్చి చూశాడు. అడ్డంగా తల ఊపాడు. ఉమ్మి, 'శ'ను దుప్పటికేసి రుద్ది చెరపబోయాడు.

"ఒరే, ఇదేరా సరైంది! అది తప్పు రాశారు," అన్నాడు బసవపున్నయ్య, వినపడదని మరిచి. 

"ఆయనకు అదే తన పేరు నాన్నా. మీరు దిద్దితే అది ఇంకెవరిదో," అంది దీపు.

స్పిరిట్‌తో తుడిచి, ఆ వంకర్లతో సహా మళ్ళీ రాశాడు. దసరదు. కొత్తూరు. మానికెమ్మ కొడుకు. ఈసారి అతను ఒక్కో గీతనూ కళ్ళతో వెంబడించి, చివరికి తల ఆడించాడు. సిస్టర్ దాని మీద తడి తగలని అద్దపు టేపు అంటించింది. 

తిరిగి వచ్చేటప్పుడు క్యాబ్‌లో దీపు అంది, "సిరా ఎన్నాళ్ళుంటుంది? పుండు మానాక నాకు తెలిసిన స్టూడియోకు తీసుకెళ్దాం. కొత్త సూది, గ్లవ్స్, అంతా సాఫ్. అదే రాత, పర్మనెంట్‌గా. ఆయనే అడుగుతున్నాడు కదా."

"గుచ్చనివ్వను," అన్నాడు బసవపున్నయ్య. 

"మీ ఒళ్ళు కాదు కదా నాన్నా అది."

ఆయన కుడి ముంజేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఇల్లు చేరే ముందు మాత్రం అన్నాడు. "చెరిగినప్పుడల్లా నేనే పోయి రాస్తా. మళ్ళీ ఒక మనిషిని పట్టుకుని గుచ్చడం నా కళ్ళతో చూడలేను."

అలాగే చేస్తున్నాడు. దశరథుడి చెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. ప్రాణానికి భయం లేదు. ఇప్పుడు ఓ ఆశ్రమంలో ఉన్నాడు. ఆదివారం ఆదివారం బసవపున్నయ్య వెళ్ళి, పాలిపోయిన గీతల మీద మళ్ళీ దిద్ది వస్తాడు. ఈయన వెళ్ళిన ప్రతిసారీ దశరథుడు గాల్లో వేలితో పొడిచి చూపిస్తూనే ఉన్నాడు, గుచ్చమని. ఈయన చూడనట్టు పెన్ను మూత తీస్తాడు. పచ్చబొట్టంటే ఈయనకు ఇప్పటికీ రోతే. ఆ బొటనవేళ్ళ కింది మెత్తదనం గుర్తొస్తే అన్నం కంచం పక్కకు నెట్టేస్తాడు. అది పచ్చబొట్టు తప్పా, కుళ్ళు తప్పా, ఆదమరిచిన లోకం తప్పా అని దీపు అడుగుతుంది. ఈయన ఆఫీసు భోజన విరామంలో ఒక్కో మండలానికీ ఫోను చేసి, మీ కొత్తూరులో మానికెమ్మ అనే ఆమె ఉందా అని అడుగుతున్నాడు. కొందరు కనుక్కుని చెప్తామన్నారు. కొందరు నవ్వారు. ఇంకా దొరకలేదు.

సిరా చెరిగిపోయేది. ఒక మనిషి వారం వారం దిద్దినంత కాలమే ఉంటుంది. అందుకని ఇది చదివిన మీరు కాస్త సాయం పట్టండి. మీ దగ్గర్లో ఏ కొత్తూరు ఉన్నా, అక్కడ మాటా వినికిడీ లేని కొడుకు కోసం ఎదురుచూసే తల్లి ఉందేమో అడగండి. కాగితాల్లో మాణిక్యమ్మ అని ఉండొచ్చు. ఊళ్ళో పిలిచేది మానికెమ్మ అనే. ఆమెను గుర్తుంచుకోండి.